చెంగమ్మ ఇచ్చిన గోదాము

పుదుచ్చేరి పట్టణం ముత్యాలపేటలో అద్దె ఇంట కాపురముంటున్న నేను, కీర్తిశేషులు గురవయ్య శెట్టి గారి కుమార్తె జి. అలివేలుమంగ, వయసు డెబ్భై నాలుగు సంవత్సరాలు, ఒంట్లో చక్కెర, మోకాళ్ళలో నొప్పి తప్ప బుద్ధికి ఏ లోపమూ లేకుండా, ఒకరి బలవంతం గానీ బోధన గానీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసినట్టు ఎవరైనా కాగితం తెస్తే అది చెల్లదు.

నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టర్ ఆర్తి గారు పరీక్ష చేసి రాసిచ్చారు. వందలోంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి చెప్పమన్నారు. పెద్ద మార్కెట్ దగ్గర మా పాత్రల కొట్లో నలభై ఏళ్ళు కూచున్నదాన్ని. మధ్యలో ఆవిడే తప్పారు, నేను తప్పలేదు.

దీన్ని తెలుగులో రాయడం చూసి వకీలు గారు తల పట్టుకున్నారు. ఆయనకి తెలుగు రాదు. నా వారసులకి మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. మా ఇంట్లో నాలుగు తరాలుగా తెలుగు నోట్లోనే ఉంది, కాగితం మీద లేదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. డెబ్భై రెండో ఏట నేర్చుకున్న అక్షరాలు, వాడుకోనివ్వండి. నా తదనంతరం వెరోనికా బడి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ లూర్దుమేరి గారు దీన్ని తమిళంలోకి మార్చి అందరికీ చదివి వినిపిస్తారు. ఆమె నెల్లూరు జిల్లా మనిషి.

అంశం 1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వకీలు గుణశేఖరన్ గారికి అప్పగిస్తున్నాను. మా నాన్న ఆఖరి రోజుల్లో ఆయన తరఫున, ఆ తర్వాత మా తమ్ముడు వెంకటకృష్ణయ్య తరఫున, చివరికి నా తరఫున కూడా వెరోనికా బడికి ఆ స్థలం మాదంటూ నోటీసులు తయారుచేసిన మనిషి ఈయనే. ఇప్పుడు వాటన్నిటికీ వ్యతిరేకంగా పనిచేయమని అడిగితే నవ్వి ఒప్పుకున్నారు. తనకీ ప్రాణం తెరిపిన పడిందన్నారు.

అంశం 2. మేం ఏ ఇంటికి మారినా మా పూజగదిలో నూరేళ్ళకు పైగా వేలాడిన, మేమంతా చెంగమ్మ పటం అని పిలిచిన కాగితాన్ని సెయింట్ వెరోనికా బాలికల పాఠశాలకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. కాగితం మాత్రమే. చట్రానికి చెద పట్టింది, దాన్ని పారేయండి.

చెంగమ్మ మా తాత తల్లి, నాకు ముత్తవ్వ. 1912లో, చర్చి తరఫున వచ్చిన కన్యాస్త్రీలు కురుచికుప్పం పక్క వీధిలో ఉన్న మా బియ్యం గోదాములో పదకొండు మంది ఆడపిల్లలతో బడి పెట్టారు. అదే ఈ వెరోనికా బడి. గోదాము చుట్టూ గదులు లేచాయి, గదుల మీద మిద్దె లేచింది. ఆ సంగతి ఎవరూ కాదనరు. గోదాము ఎలా ఇచ్చారన్నదే తగువు.

ప్రతి శుక్రవారం మా నాన్న ఆ పటానికి పసుపు కుంకుమ పెట్టి, వరసల మీద వేలు నడిపిస్తూ పైకి చదివేవారు. “ఈ స్థలము మన వంశస్థులది. పాదిరీలకు వాడుకకు మాత్రము ఇచ్చినాము. అడిగిన దినమున వదిలి పోవలెను.” మేం చేతులు కట్టుకుని వినేవాళ్ళం. నాకూ తమ్ముడికీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పేవాళ్ళం.

నేను వెరోనికా బడిలో ఆరో తరగతి చదువుతున్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, ఒక శుక్రవారం నాన్నని అడిగాను. “నాయినా, దీంట్లో స్థలము అనే మాట యాడుంది?” ఆయన ఒకచోట వేలు పెట్టారు. మరుసటి శుక్రవారం మళ్ళీ అడిగాను. ఇంకోచోట పెట్టారు. పోయిన వారం అక్కడ కదా పెట్టినావు అన్నాను. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

మా నాన్నకి తమిళం వచ్చు, ఫ్రెంచి వచ్చు. తెలుగు చదవడం రాదు. మా తాతకీ రాదు. తాత చెప్పిన మాటల్ని నాన్న, నాన్న చెప్పిన మాటల్ని తమ్ముడు, వేలు నడిపిస్తూ అప్పజెప్పారు, అంతే. ఆయన అబద్ధమాడారని నేననను. రాదని ఒప్పుకోలేకపోయారు. తెలుగువాళ్ళమని చెప్పుకుని తిరిగే ఇంట్లో ఆ మాట పైకి ఎలా వస్తుంది? కోర్టుకి పోతే పటం గోడ మీంచి దించాలి, ఎవరి చేతైనా చదివించాలి. అందుకే అరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మేం కోర్టుకి పోలేదు.

అంశం 3. మా ఇంటి బిస్కట్ డబ్బాలో ఉన్న అరవై పోస్టు రసీదు కార్డులను కూడా బడికే ఇస్తున్నాను. అవి ఏమిటో చెప్పాలి.

1962లో బడికి యాభై ఏళ్ళు నిండాయి. వాకిట్లో ఒక రాయి నిలబెట్టారు. దాని మీద మొదటి మదర్ పేరు ఉంది, అప్పటి బిషప్ గారి పేరు ఉంది, చందాలిచ్చిన ఇద్దరు దొరల పేర్లు ఉన్నాయి. చెంగమ్మ పేరు లేదు. నాన్న కొత్త పంచె కట్టుకుని పండగకి వెళ్ళి, ఆ రాయి చూసి, పండగ ముగియకుండానే వెనక్కి వచ్చేశారు. ఈ ఒక్క విషయంలో ఆయన కోపం న్యాయమైనదే. పేరేదని అడిగితే, గోదాము ఎవరు ఇచ్చారో మా దగ్గర కాగితం లేదన్నారు మదర్. మా దగ్గర ఉందన్నారు నాన్న. తెచ్చి చూపించండి అన్నారు ఆమె. నాన్న చూపించలేదు. చూపించే బదులు రిజిస్టర్డ్ ఉత్తరం పంపారు. పేరు ఎందుకు వేయలేదన్న ఉత్తరం కాదది. స్థలమే మాది, మా దయ మీద ఉన్నారు, గుర్తుపెట్టుకోండి అని.

అప్పటినుంచి ఏటేటా జూలై పన్నెండున, వెరోనికమ్మ పండగ రోజున, మా ఇంటినుంచి అదే ఉత్తరం. నాన్న పోయాక తమ్ముడు పంపాడు. తమ్ముడు 2019లో పోయాక రెండేళ్ళు నేను పంపాను. బడివాళ్ళు పండగ పూట పాయసంతో పాటు మా ఉత్తరం కోసం కూడా ఎదురుచూసేవాళ్ళట. ఆలస్యమైతే ఆ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్ళట. ఇది సిస్టర్ లూర్దుమేరి చెప్పినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ కార్డుల మీద ముట్టినట్టు పెట్టిన సంతకాలు చూడండి. మొదట ఫ్రాన్సు నుంచి వచ్చిన మదర్, గుండ్రటి అక్షరాలు. తర్వాత కేరళ సిస్టర్ ఒకామె, పద్నాలుగేళ్ళు. ఆమె కాలంలోనే బడి పదో తరగతి దాకా పెరిగింది, కుట్టుపని గది లాబొరేటరీ అయింది. ఆ తర్వాత ఇద్దరు తమిళ సిస్టర్లు. 2011 ఆఖర్లో థానే తుఫానుకి పై అంతస్తు గోడ బీటలిచ్చింది. ఆ మరుసటేడు బడికి నూరేళ్ళు నిండాయి. ఆ ఏటి కార్డు మీద సంతకం పక్కన, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి, అని తమిళంలో చిన్నగా రాసి ఉంది. ఎగతాళి అనుకున్నాం. కాదు. బడి చరిత్ర రాస్తామని ఎవరైనా వస్తే ముందు ఈ డబ్బా తీసి చూపించండి.

అంశం 4. వెరోనికా బడి స్థలం మీద నాకు హక్కు ఉందనుకున్నంత మేరకు, ఆ అనుకోవడాన్నే ఇందుమూలంగా శాశ్వతంగా వదులుకుంటున్నాను. నా తరఫున ఎవరూ, ఏ కాలంలోనూ, ఏ ఆఫీసులోనూ ఈ మాట ఎత్తకూడదు.

ఇక్కడ నా తప్పు నేనే రాయాలి. నాన్నా తమ్ముడూ ఉత్తరాలతో ఆగారు. నేను ఆగలేదు. బీటలిచ్చిన భవనం తీసేసి కొత్తది కట్టుకోవాలని 2021లో బడివాళ్ళు అనుమతి అడిగారు. మా మేనల్లుడు కార్తికేయను పక్కన కూచోబెట్టుకుని, ఈ స్థలం మాదని, అనుమతి ఇవ్వద్దని, ఇద్దరి సంతకాలతో ప్లానింగ్ ఆఫీసుకి అభ్యంతరం పెట్టాను. అతను వెనకాడాడు. నేనే నోరుచేసుకుని సంతకం పెట్టించాను. ఫైలు ఆగిపోయింది. పై అంతస్తుకి తాళం పడింది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు నాలుగేళ్ళుగా చర్చి వెనక హాల్లో, మధ్యలో దుప్పట్లు కట్టుకుని చదువుతున్నారు. ఒక పక్క లెక్కలు చెబుతుంటే ఇంకో పక్క పద్యాలు. వచ్చే జూన్‌లోగా కట్టడం మొదలు కాకపోతే ఆ తరగతులకి గుర్తింపు ఉండదని కాగితం వచ్చింది. అంటే నూట తొంభై మంది ఆడపిల్లలు. వాళ్ళలో సగానికి పైగా కురుచికుప్పం జాలరి పిల్లలు. దూరపు బడికి పంపమంటే ఇంట్లో మాన్పించేస్తారు. మాన్పించడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అంశం 5. చెంగమ్మ కాగితాన్ని నేను ఎలా చదివానో ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆస్తి కాదు. అయినా దీన్ని కూడా వారసులకే ఇస్తున్నాను.

రెండేళ్ళ కిందట గోడకి సున్నం వేయిస్తుంటే పటం జారి అద్దం పగిలింది. కాగితం చేతికొచ్చింది. ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. వెరోనికా బడికి నెల్లూరు నుంచి కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చిందని మార్కెట్లో విన్నాను. శత్రువు చేతే చదివిద్దాం, అప్పుడు నోరు మూస్తారు, అనుకుంటూ ఆటో ఎక్కాను. అరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ గేటు దాటాను.

సిస్టర్ కాగితం అందుకుని, మొదటి వరస చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టేసింది. “అమ్మా, ఇది మీ ఇంటి ఆడమనిషి రాయించింది. నేను చదివితే నేనే కల్పించానంటారు. మీరే చదువుకోండి. శనివారం రండి, నేర్పిస్తా.” నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజు శనివారం.

ఒకటో తరగతి బెంచీ మీద, మోకాళ్ళు పట్టక అడ్డంగా కూచుని, ఎనిమిది నెలలు దిద్దాను. ఒత్తులు నన్ను బాగా ఏడిపించాయి. పూర్తిగా చదివిన రోజున పసుపు మరకల కింద దొరికిన మాటలు ఇవి:

“మదరమ్మ గారికి చెంగమ్మ రాయించినది. నా పెనిమిటి నాకు వదిలిన గోదాము, దాని వెనక నూతి దొడ్డి, మీ బడికి ఇచ్చినాను. ఇచ్చినది ఇచ్చినట్టే. మా కోమటి పిల్లలకు వేరే నీళ్ళ కుండ పెట్టమని అడిగినాను. అందరు పిల్లలకు ఒకటే కుండ అని మీరు ఒప్పకపోతిరి. మూడు దినములు కోపము చేసినాను. నాలుగో దినము నా బిడ్డ రాజమ్మను పంపినాను. కుండ మా ఇంట ఉన్నది, చదువు లేదు. నా కొడుకులు గాని వారి కొడుకులు గాని ఈ స్థలము అడిగిన యెడల నాకు తలవంపు. నాకు చదవ రాదు. రాసిన గుమాస్తా చదివి వినిపించగా సరియని వేలిముద్ర వేసినాను.”

కింద ఊదారంగు వేలిముద్ర. అంతే.

నేను బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఒళ్ళంతా తేలికైపోయింది. మాది కాని దాన్ని కాపాడుకోవడం ఎంత బరువో, దించాక తెలిసింది. ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా నిద్రపోయాను. కుండ సంగతి చదివి సిగ్గుపడ్డాను కూడా. ఆమె పెద్ద మనసుతో ఇచ్చిందనుకోకండి. అలిగి, పోట్లాడి, ఓడిపోయి ఇచ్చింది. నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది అందుకే. కుండ మాట వల్లనే ఆమె కొడుకులకు కడుపు మండి ఉంటుంది. ఈ కాగితాన్ని మదర్‌కి అందనివ్వక పటం కట్టించి, దానికి వాళ్ళ మాటలు అంటించి మాకు నేర్పి ఉంటారు. రుజువు లేదు, నా ఊహ.

బడికి ఒక ఇత్తడి బిందె ఇద్దామనుకున్నాను. పదేళ్ళుగా ఫిల్టర్ మిషను ఉందన్నారు సిస్టర్. కనుక బిందె ఇవ్వడం లేదు.

కొత్త భవనం మీద చెంగమ్మ పేరు రాతి మీద చెక్కిస్తామని అన్నారు. రాయి వద్దు. రాతి మీద పేరు కోసం పోట్లాడిన సంబడం చాలు. ఏటేటా కొత్తగా చేరిన పిల్లలకి ఆ కాగితం ఒకసారి చదివి వినిపిస్తే చాలు. కుండ సంగతి వదిలేయకుండా చదవాలి.

అంశం 6. కురుచికుప్పంలో ఉంటున్న మారియమ్మకు, నా టేకు మంచం, దాని పరుపు, రెండు దిళ్ళు. ఆరో తరగతిలో నా పక్క బెంచీ ఆమెది. నన్ను బడి మాన్పించాక వారం రోజులు తన నోటు పుస్తకాలు చేపల బుట్టలో దాచి మా కొట్టు వెనకవైపుకి తెచ్చి ఇచ్చింది, రాసుకొమ్మని. ఎనిమిదో రోజు నాన్న చూసి తరిమారు. ఆమె ఎనిమిది దాకా చదివి, ఆ బడి వంటింట్లోనే ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. నాకంటే రెండు తరగతులు ఎక్కువని ఇప్పటికీ గుర్తుచేస్తుంది. నేలమీద పడుకుని నడుం పట్టేస్తోందట. ఆమె ఇంటి వాకిలి ఇరుకు. మంచం పట్టకపోతే కాళ్ళు కోయించి లోపలికి చేర్పించండి, కోత ఖర్చు నాది. నన్ను సాగనంపే రోజున ఆమెను వీధిలో నిలబెట్టకుండా లోపలికి పిలిచి నా తల దగ్గర కూచోబెట్టాలి. చేపల వాసనని మా బంధువుల్లో ఎవరైనా ముక్కు మూసుకుంటే వాళ్ళు బయట నిలబడవచ్చు.

అంశం 7. నా బదిలీ పత్రం, అంటే టీసీ. నాన్న బడికి పోయి సంతకం చేయనన్నారు గనక 1962 నుంచి అది వాళ్ళ బీరువాలోనే ఉండిపోయింది. సిస్టర్ వెతికి తీసిచ్చారు. మానిన కారణం అన్నచోట ఫ్రెంచిలో ఒక్క ముక్క: తండ్రి తీసుకుపోయెను. ప్రవర్తన అన్నచోట: మంచిది, ప్రశ్నలు ఎక్కువ. నేను బడి మానింది ఆ రాయి వల్లనో, నేను నాన్నని అడిగిన ప్రశ్న వల్లనో ఇన్నేళ్ళూ తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు తేల్చుకోవాలని కూడా లేదు. నాన్నని క్షమించేశాను. ఆయన్ని అలా ఇరుకున పెట్టినందుకు ఆయన కూడా నన్ను క్షమించాలి. ఈ టీసీని నాతో పాటు కాల్చకండి. లామినేషన్ చేయించి ఇంట్లో ఉంచండి.

అంశం 8. కార్తికేయ కూతురు అర్చితకు, ఆరో తరగతిలో నేను మొదలుపెట్టి పూర్తి చేయని కుట్టుపని గుడ్డ. నెమలికి తోక లేదు. ఆ పిల్లకి కుట్టుపని అంటే పడదని తెలుసు. పూర్తి చేయనక్కర లేదు. నా చీరలన్నీ మారియమ్మ మనవరాళ్ళకి. నా పలక, బలపాలు, దిద్దిన పుస్తకాలు బడిలో శనివారం తరగతికి. నన్ను చూసి మార్కెట్ నుంచి ఇంకో ఆరుగురు తెలుగువాళ్ళు వస్తున్నారు ఇప్పుడు. అందరూ అరవై దాటినవాళ్ళే, అందరూ మనవళ్ళకి నేర్పడానికనే చెప్పుకుంటున్నారు.

అంశం 9. నా మేనల్లుడు, మా తమ్ముడి ఒక్కగానొక్క కొడుకు కార్తికేయకు, మా నాన్న నుంచి నాకు వారసత్వంగా వచ్చిన విల్లియనూరు అర ఎకరం నేల. దీనికి ఒక షరతు ఉంది.

ప్లానింగ్ ఆఫీసులో నా అభ్యంతరం నేను వెనక్కి తీసుకున్నాను. రెండో సంతకం కూడా వెనక్కి తీసుకుంటే తప్ప ఫైలు కదలదన్నారు. ఆ సంతకం కార్తికేయది. ఆ హక్కులో సగం అతనిదని అతని నమ్మకం. ఒక ప్రమోటరు అతనికి ఆ బడి స్థలంలో కట్టబోయే, సముద్రం కనిపించే ఫ్లాట్ల బొమ్మలు చూపించాడు. తట్టాంచావడిలో అతని అట్టపెట్టెల వర్క్‌షాపు రెండేళ్ళుగా కుంటుతోంది. అతను దురాశపరుడు కాదు, అలసిపోయాడు. చిన్నప్పుడు ప్రతి శుక్రవారం చేతులు కట్టుకుని ఆ పటం ముందు నిలబడినవాడే. నేను ఏడు పదుల వయసులో బయటపడ్డాను, అతన్ని నలభై ఎనిమిదికే బయటపడమంటే ఎలా? కాగితంలో ఏముందో చెప్పడానికి మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు వాళ్ళ మాయలో పడ్డావత్తా అని పెట్టేశాడు.

కనుక అతను అభ్యంతరం ఉపసంహరించుకుంటూ సంతకం చేసిన పక్షంలో పై నేల అతనికి చెందుతుంది. చేయని పక్షంలో చెందదు. ఇది రాస్తుంటే నాకు మనసొప్పడం లేదు. కానీ నేను పోయేలోగా ఆ సంతకం పడకపోతే నూట తొంభై మంది పిల్లల నోరు కొట్టినదాన్నవుతాను. రేపు ఉదయం డాక్టర్ గారూ వకీలు గారూ సాక్ష్యానికి వస్తున్నారు. కార్తికేయనీ రమ్మన్నాను. వస్తాడో రాడో తెలియదు.

మరుసటి రోజు చేర్చినది. కార్తికేయ వచ్చాడు. ఆ కాగితం అసలేముందో నువ్వే చదువు, నేను వింటా, అన్నాడు. చదివాను. వేలు పెట్టి, ఒక్కో మాటా చూపిస్తూ చదివాను. నాకు తలవంపు అన్నచోట ఆపమని, మళ్ళీ చదవమన్నాడు. ఆ తర్వాత వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. “నాయిన దీన్నే కదా వేరేగా చదివేటోడు,” అన్నాడు. వకీలు గారి సంచీలోంచి ఉపసంహరణ కాగితం తనే అడిగి తీసుకుని, ఇస్త్రీ బల్ల మీద పెట్టి సంతకం చేశాడు. అప్పటికి అతనికి నేల సంగతి చెప్పలేదు.

చెప్పాక కోపం వచ్చింది. “ఏందత్తా, నాకు లంచమిస్తా ఉండావా? ముత్తవ్వ ఊరికే ఇచ్చె గదా. నేను మాత్రం బదులు తీసుకునేదా?” అన్నాడు. తొమ్మిదో అంశం కొట్టేస్తే గానీ మెతుకు ముట్టనన్నాడు. పైగా సాక్షి సంతకం తనే పెడతానన్నాడు. వీలునామాలో వాటా ఉన్నవాళ్ళ చేత సాక్షి సంతకం పెట్టించకూడదు, రేపు సందేహాలొస్తాయి, అని వకీలు గారు చెప్పగానే, అందుకే పెడతా, నాకేమీ వద్దని ఊరందరికీ తెలియాల, అని కలం అందుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకున్నాను. డాక్టర్ గారు కిటికీ వైపు తిరిగారు.

అతని కోరిక ప్రకారం తొమ్మిదో అంశంలోని నేల దానమూ, షరతూ రద్దు చేస్తున్నాను. అడ్డంగా గీత గీసి పక్కన పొడి అక్షరాలు వేశాను. ఆ నేలను ఈ వీలునామాలో ఇంకెవరికీ రాయడం లేదు.

ఎందుకు రాయడం లేదో ఇక్కడ చెబుతాను. పిల్లలు లేని ఆడదానికి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి, ఎవరికీ రాయకుండా వదిలేస్తే, చట్టప్రకారం తిరిగి ఆమె తండ్రి వారసులకే పోతుందట. మా నాన్నకి మిగిలిన వారసుడు కార్తికేయ ఒక్కడే. వకీలు గారు ఈ ముక్క నా చెవిలో చెప్పి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతున్నారు. కార్తికేయ నా పక్కనే కూచుని, నేనేం రాస్తున్నానో ఈ తెలుగు అక్షరాల వంక తేరిపార చూస్తున్నాడు. అర్చితను శనివారం తరగతికి పంపిస్తాను, నేనూ వస్తాను అంటున్నాడు. రమ్మన్నాను. తొందరేం లేదు, వచ్చే నెల నుంచి మొదలుపెట్టుకోవచ్చని చెప్పాను.

పైన రాసినదంతా నేను రాసి, నేనే చదువుకుని, సరి అని తెలిసి, వేలిముద్రతో కాక సంతకంతో, కింది సాక్షుల ఎదుట ముగిస్తున్నాను.

పుదుచ్చేరి, 2025 సెప్టెంబరు 19, శుక్రవారం.

(సంతకం) జి. అలివేలుమంగ

సాక్షులు:

1. డాక్టర్ ఆర్తి, ముత్యాలపేట. రాసినామె బుద్ధి నిలకడగా ఉండగా నా ఎదుట సంతకం చేసినారు.

2. వి. కార్తికేయ, తట్టాంచావడి. (తమిళంలో సంతకం.) ఈ వీలునామాలో నాకు ఏ వాటా లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.